క్వినోవా సూపు గురించి మీకు చెప్పి తీరవలసిన సంగతి

మా బండిలో పెరూలోని పవిత్ర లోయ యాత్రకు వచ్చి, ఉరుబంబా ఊరి దగ్గర ఒక కుటుంబం పెట్టే మధ్యాహ్న భోజనం చేసిన శాకాహారులందరికీ ఈ ఉత్తరం. మీరు తాగిన క్వినోవా గింజల సూపును కోడి ఉడికించిన నీళ్లతో కాచారు. కనీసం రెండేళ్లుగా అలాగే కాస్తున్నారట. నాకు తెలిసి పంతొమ్మిది రోజులైంది.

బయటపెట్టింది నేను కాదు. కొడుకు, కోడలితో డాలస్ నుంచి వచ్చిన తెనాలి పెద్దావిడ ఒకరు ఆ రోజు పీసక్ కొండ మీది మెట్ల పొలాలన్నీ తిరిగి, మంచి ఆకలి మీద రెండు గిన్నెల సూపు తాగారు. చాలా బాగుందని, ఎలా చేస్తారో కనుక్కోమని నన్ను వంటింట్లోకి వెంటబెట్టుకు వెళ్లారు. ఆమె తెలుగులో అడిగారు, నేను స్పానిష్‌లో అడిగాను, వంటామె మురిసిపోయి గరిటెతో అడుగు నుంచి కలిపి చూపించింది. గరిటెలోకి కోడికాలు వచ్చింది. పెద్దావిడ ఏమీ అనలేదు. బయట కొళాయి దగ్గర నోరు పుక్కిలించి వచ్చి బండిలో కూర్చున్నారు. 'ఇంకా' రాజుల పాత కోట ఉన్న ఒయాంతాయ్‌తాంబో చేరేదాకా బండిలో మాట లేదు. అక్కడ మెట్లెక్కకుండా కిందే ఉండిపోయారు. కొడుకు నన్ను నాలుగు తిట్టి ఉంటే నాకు నయంగా ఉండేది.

ఇక్కడ ఒక మాట సంగతి చెప్పాలి. మాంసానికి స్పానిష్ మాట 'కార్నే'. పెరూలో చాలామందికి అది గొడ్డు మాంసమో, పంది మాంసమో. కోడి ఆ లెక్కలోకి రాదు, దానికి వేరే పేరుంది. మాంసం వద్దంటే కోడి తెచ్చిపెట్టడం వారి దృష్టిలో మర్యాదే. ఈ తేడా తెలియనివాణ్ని కాదు నేను. అందుకే నాలుగేళ్ల క్రితమే మాంసం, కోడి, చేప, గుడ్డు ఏదీ ఉండకూడదని నా చేత్తో రాసి ఆ భోజనం పెట్టే కుటుంబం వంటింటి గోడకు అంటించాను. ఆ కాగితం ఇప్పటికీ అక్కడే ఉంది, నూనె మరకలతో. అడిగితే, ముక్కలు వేయలేదు కదా, నీళ్లే కదా అన్నారు. నీళ్ల గురించి కూడా రాసి ఉండవలసిందట!

వారిని పరాయివాళ్లుగా తిట్టి వదిలేయలేకపోవడానికి కారణం ఉంది. ఈ కొండల్లో పిల్లల మొదటి జుట్టు తీయడం మన పుట్టువెంట్రుకల లాంటి వేడుక. పెద్దమనిషిగా పిలుపందుకున్నవారు తొలి పాయ కత్తిరించి, కానుక ఇచ్చి, ఆ ఇంటికి చుట్టమవుతారు. ఈ సూపు కాచిన ఇంటి చిన్నపాపకు ఆ పాయ కత్తిరించింది నేనే. ఇప్పుడు వేరే గిన్నెలో వండిస్తామని, ధర తగ్గిస్తామని కబురు మీద కబురు పంపుతున్నారు. ధర సంగతి నేను ఎప్పుడైనా ఎత్తానా? పాప పుట్టినరోజుకు వెళతాను, బొమ్మ కొనిపెడతాను. నా యాత్రికులను మాత్రం ఆ గడప ఎక్కించను.

నన్ను నిద్రపోనివ్వని ప్రశ్న ఇది కాదు. అంతకుముందు తిని వెళ్లినవారికి చెప్పాలా వద్దా అన్నది. మా డ్రైవరు చించేరో ఊరివాడు, నాకంటే తెలివైనవాడు. వాళ్లు సంతోషంగా ఇంటికి వెళ్లారు, ఇప్పుడు చెప్పి కడుపులోది తీయగలవా అన్నాడు. తీయలేను. మీలో కొందరు పుట్టి బుద్ధెరిగి మాంసం ముట్టనివారు. ఒకరు కార్తీక మాసంలో వచ్చారు, వారి ముఖం గుర్తొచ్చినప్పుడల్లా చెప్పకపోవడమే దయ అనిపించింది. నోటుపుస్తకం తీసి పేర్లు రాసుకున్నాను, చించేశాను, మళ్లీ రాశాను. నా భార్య ఒకటే అడిగింది: ఆ తెనాలి ఆవిడ స్థానంలో మీ అమ్మ ఉంటే? మా అమ్మ అయితే తెలుసుకుని బాధపడేది, తెలియనివ్వకపోతే నన్ను క్షమించేది కాదు. అందుకని చెబుతున్నాను. తెలియకుండా ఉంటేనే బాగుండేదని మీకు అనిపిస్తే ఆ కోపం నా మీదే చూపించండి, ఇంట్లో పెద్దవారికి చెప్పాలా వద్దా అన్నది మీ ఇష్టం.

ఒయాంతాయ్‌తాంబో గోడలోని ఆరు పెద్ద రాళ్లు మీకు గుర్తుండే ఉంటాయి. నదికి అవతలి కొండ మీది కాచికాతా గని నుంచి వాటిని ఎలా దింపారో, ఎలా నది దాటించారో, దారిలోనే వదిలేసిన వాటిని 'అలసిన రాళ్లు' అని ఎందుకంటారో మా గైడు చక్కగా చెబుతాడు. అది చాలదన్నట్టు నేనూ మధ్యలో దూరి గంటసేపు ఊదరగొడతాను. ఇంకాల నాటి రాయి ఎటునుంచి వచ్చిందో అంత చెప్పేవాణ్ని, రోజూ నేను తిన్న గిన్నెలో ఏముందో ఒక్కసారి మూత తీసి చూడలేదు. తప్పు వారిదని ఎంత అనుకున్నా ఇది మాత్రం నాదే.

ఇక మీదట భోజనం నా వంటింటి నుంచే వస్తుంది. పీసక్, ఒయాంతాయ్‌తాంబో రోజున నిమ్మకాయ పులిహోర, పప్పు, పెరుగన్నం క్యారియర్లలో తెస్తాను. మా వంటిల్లు ఉన్న కుస్కో ఊరు 3,400 మీటర్ల ఎత్తున ఉంది, నీళ్లు 90 డిగ్రీలలోపే మరుగుతాయి, కందిపప్పు మామూలు గిన్నెలో సాయంత్రానికి కూడా మెత్తబడదు. రెండు ప్రెషర్ కుక్కర్లు కొన్నాను. వాటితో పన్నెండు మందికి మించి వండలేను కాబట్టి ఇక రోజుకు పన్నెండు మందే.

మారాస్ ఉప్పు మడులు, మోరాయ్‌లోని గుండ్రటి మెట్ల పొలాలు చూసే రోజున మాత్రం భోజనం చించేరోలో, నేతపని చేసే ఒక కుటుంబం పెరట్లో. బంగాళాదుంపలు మీ కళ్లెదుటే ఉడుకుతాయి, పక్కన మారాస్ ఉప్పు. జూన్, జూలైలలో పంట తీశాక వస్తే మట్టిగడ్డలతో గూడు కట్టి, లోపల మంట పెట్టి, అది ఎర్రగా కాలాక దుంపలు లోపల వేసి కూల్చేస్తారు. హువాతియా అనే ఆ వంట రుచికి నా పులిహోర చాలదు. మిరపకాయలను రాతి మీద నూరి ఇచ్చే పచ్చడి మన రోటి పచ్చడికి చెల్లెలు, కానీ మామూలుగా అందులో చీజ్ వేస్తారు. పల్లెల్లో పాలు విరగడానికి వాడేది దూడ కడుపు నుంచి తీసినది కావచ్చు కనుక చీజ్ మాన్పించాను. ఇంకొకటి. వారు ఉన్నికి అద్దే ఎరుపు నాగజెముడు మీద పెరిగే పురుగు నుంచి వస్తుంది. సరదాకు పెదవులకు కూడా రాసి చూపిస్తారు. వద్దనుకుంటే చేయి అడ్డం పెట్టండి. ఇకపై ఇలాంటివన్నీ ముందే చెబుతాను, విసుగొచ్చినా సరే.

ఆ సూపు తాగిన శాకాహారులందరికీ భోజనం డబ్బు తిరిగి పంపుతున్నాను. ఫోనులో దొరికినవారికి ఇప్పటికే చేరింది. ఒకరు యాత్ర మొత్తం డబ్బు అడిగారు. అది ఇవ్వను. పీసక్ కొండ నిజంగానే ఎక్కారు కదా. ధర కూడా ఈ సంవత్సరం పెంచడం లేదు, కుక్కర్ల ఖర్చు నాది.

ఇంత చెప్పినా నమ్మకం కుదరనివారు యాత్ర రోజు తెల్లవారుజామున నాలుగున్నరకు మా వంటింటికి రండి. మూతలన్నీ తీసి చూసుకోవచ్చు. చెప్పులు మాత్రం బయట విడవాలి.