తొలి టాకీ కథానాయికకు ఒక్క వాక్యమేనా?

సంపాదకులకు నమస్కారం.

తెలుగు టాకీ పుట్టినరోజు వచ్చినప్పుడల్లా దర్శకుడు హెచ్.ఎం. రెడ్డి గారి గురించి చాలా రాస్తారు, మంచిదే. సురభి కమలాబాయి గారిని మాత్రం ఒక్క వాక్యంతో సరిపెడతారు. ఇది బాధగా ఉంది. 1932లో విడుదలైన మన తొలి టాకీ ‘భక్త ప్రహ్లాద’లో ఆమే లీలావతి. అదే ఏడాది ‘పాదుకా పట్టాభిషేకం’లో సీత, ‘శకుంతల’లో శకుంతల. ప్లేబ్యాక్ లేని రోజులు, నటించేవాళ్లే పాడుకోవాలి. ఆ గొంతు, ఆ ధైర్యం ఆమెకు సురభి నాటకాలే ఇచ్చాయి. ఆడవేషాలు మగవాళ్లే కట్టే కాలంలో ఇంటి ఆడవాళ్లను రంగస్థలం ఎక్కించిన నాటక సమాజం అది! 1951 నాటి ‘పాతాళ భైరవి’లో తోటరాముడి తల్లిగా ఆమెను ఈ తరం కూడా చూసే ఉంటుంది, పేరు తెలియకుండానే. మీ ఆదివారం అనుబంధంలో ఆమె జీవితాన్ని వివరంగా రాయించండి.

- ఒక పాఠకురాలు, ప్రొద్దుటూరు