యురాయా హీప్‌ను ఒక్క ముక్కలో తీసిపారేస్తే ఎలా?

సంపాదకులకు నమస్కారం.

డెబ్బైల నాటి హార్డ్ రాక్ గురించి మీ ఆదివారం అనుబంధంలో వచ్చిన వ్యాసం చదివాను. లెడ్ జెప్లిన్‌కీ, బ్లాక్ సబ్బాత్‌కీ, డీప్ పర్పుల్‌కీ తలా రెండు మూడు పేరాలు ఇచ్చారు, ఇవ్వాల్సిందే. లండన్ బ్యాండ్ యురాయా హీప్ దగ్గరికి వచ్చేసరికి మాత్రం "డీప్ పర్పుల్‌కి నకలు" అని ఒక్క ముక్క రాసి ముందుకెళ్లిపోయారు. అది మీ వ్యాసకర్త సొంతంగా కనిపెట్టిన మాట కాదని తెలుసు. యాభై ఏళ్లుగా ఇంగ్లిష్ పత్రికల్లో ఒకరు రాసింది ఇంకొకరు రాస్తూ వచ్చిన మాటే, ఇప్పుడు తెలుగులోకి కూడా దిగింది. అది తప్పు మాట. ఎందుకు తప్పో చెప్పాలనే ఈ ఉత్తరం.

ముందు తేదీలు చూడండి. డీప్ పర్పుల్ అసలు రూపం బయటపడిన 'ఇన్ రాక్' ఆల్బమ్ 1970 జూన్‌లో వచ్చింది. యురాయా హీప్ మొదటి ఆల్బమ్ 'వెరీ ఈవీ వెరీ అంబుల్' వచ్చింది కూడా 1970 జూన్‌లోనే. ఒకే నెలలో బజారులోకి వచ్చిన రెండు రికార్డుల్లో ఒకటి రెండోదానికి నకలు ఎలా అవుతుంది? ఇంకా స్పైస్ అనే పేరుతో ఉన్న రోజుల్లో లండన్‌లోని హాన్‌వెల్ కమ్యూనిటీ సెంటర్‌లో తాము రిహార్సల్ చేస్తుంటే పక్క గదిలో డీప్ పర్పుల్ వాళ్లు వాయించుకునేవాళ్లని గిటారిస్ట్ మిక్ బాక్స్ చెప్పాడు కూడా. పర్పుల్ 1968 నుంచే హామండ్ ఆర్గన్ అనే కీబోర్డ్ వాయిద్యం వాడుతోంది కదా అంటారేమో, నిజమే. కానీ భారీ ఆర్గన్, గట్టి గిటార్, పైన గొంతులు, ఈ దారి 1967లోనే అమెరికాలో వనిలా ఫడ్జ్ అనే బ్యాండ్ వేసింది. లండన్‌లో అప్పుడు చాలామంది ఆ దారిలో నడుస్తున్నారు. అందులో ఒకరిని మార్గదర్శి అనీ ఇంకొకరిని కాపీరాయుడు అనీ అనడం ఏం న్యాయం?

ఆ మొదటి ఆల్బమ్ మీద అమెరికాలోని రోలింగ్ స్టోన్ పత్రికలో వచ్చిన సమీక్ష ఎంత దారుణమో చాలామందికి తెలుసు. ఈ బ్యాండ్ పైకొస్తే తాను ఆత్మహత్య చేసుకోవాల్సిందేనని రాశారు ఆ సమీక్షకురాలు. మొదటి స్వరం వినగానే ఇక వినబుద్ధి కాదని తేల్చేశారు. నచ్చకపోవడం తప్పు కాదు, ఎవరి చెవి వాళ్లది. కానీ ఆ తర్వాత రాసినవాళ్లు చాలామంది బ్యాండ్‌ని వదిలేసి ఆ సమీక్షనే గుర్తుపెట్టుకున్నారు. ఈనాటికీ యురాయా హీప్ గురించి ఏ వ్యాసం తెరిచినా పాటల కంటే ముందు ఆ మాటే కనిపిస్తుంది. ఇంకే బ్యాండ్‌కైనా ఇలా జరిగిందా అని ఆలోచిస్తే నాకైతే గుర్తుకు రావడం లేదు.

బ్లాక్ సబ్బాత్‌నీ అదే పత్రిక 1970లో చీల్చి చెండాడింది. తర్వాత అదే పత్రిక వేసిన గొప్ప ఆల్బమ్‌ల జాబితాల్లో సబ్బాత్‌కి చోటు దొరికింది, 2006లో రాక్ దిగ్గజాలకి గౌరవంగా ఇచ్చే రాక్ అండ్ రోల్ హాల్ ఆఫ్ ఫేమ్‌లోకీ వెళ్లారు. పర్పుల్ కూడా ఆలస్యంగానైనా 2016లో చేరింది. హీప్ ఇంకా బయటే ఉంది. నాకు తోచిన కారణం చెబుతాను. ఆనాటి విమర్శకుల్లో చాలామందికి రాక్ అంటే అమెరికా నల్లజాతివాళ్ల బ్లూస్ పాటల వేరు నుంచి మొలవాలి, మట్టి వాసన ఉండాలి. హీప్ సంగీతంలో అది తక్కువ. అందులో ఉన్నది నాటకీయత, బృందగానం, చర్చి కోయిర్‌ని తలపించే గొంతులు. కొలబద్దే వేరైనప్పుడు ఎంత బాగా పాడినా ఆ కొలతకి సరితూగరు. రాక్ చరిత్రలు రాసింది కూడా ఆ తరం వాళ్లే, కాబట్టి ఆ తీర్పు అలాగే పుస్తకాలకెక్కింది.

గొంతుల సంగతి కాస్త వివరంగా చెప్పాలి, ఎందుకంటే అసలు విషయం అక్కడే ఉంది. డేవిడ్ బైరన్ లాంటి గాయకుడు ఆ కాలంలో అరుదు. గుసగుసలాడినట్టు మొదలుపెట్టి అదే ఊపులో తారస్థాయికి తీసుకెళ్లగలడు, అక్కడ అరవకుండా పాడగలడు. అతని వెనక ఆర్గన్ వాయించే కెన్ హెన్స్‌లీ, మిక్ బాక్స్, మిగతావాళ్లు కలిసి హార్మనీ పాడతారు, అంటే వేర్వేరు స్వరాల్లో ఒకేసారి. మిగతా హార్డ్ రాక్ బ్యాండ్లలో వెనక గొంతులు పల్లవిలో ఒక తోడు, అంతే. వీళ్ల పాటల్లో అవి గిటార్‌తో, ఆర్గన్‌తో సమానంగా నిలబడే ఇంకో వాయిద్యం. కొన్నిసార్లు మాటలే ఉండవు, ఉత్త ఆలాపన, అయినా పాటని మోసేది అదే. క్వీన్ మొదటి ఆల్బమ్ 1973లో వచ్చింది. భారీ గిటార్ మీద పొరలు పొరలుగా గొంతులు పేర్చడాన్ని క్వీన్ విషయంలో ఆకాశానికెత్తారు, సబబే. అలాంటి పనే మూడేళ్ల ముందు చేసినవాళ్లకి ఒక్క మంచి మాట దక్కలేదు.

ఉదాహరణకి 1971లో వచ్చిన 'లుక్ ఎట్ యువర్‌సెల్ఫ్' ఆల్బమ్‌లోని 'జులై మార్నింగ్' తీసుకోండి. పది నిమిషాల పైచిలుకు పాట, హెన్స్‌లీ, బైరన్ కలిసి రాసింది. ముందు ఆర్గన్ నెమ్మదిగా పరుచుకుంటుంది. తర్వాత వాయిద్యాలన్నీ తగ్గి బైరన్ గొంతు దాదాపు ఒంటరిగా వినిపిస్తుంది, ఏదో వెతుక్కుంటూ తెల్లవారుజామున నడిచిపోతున్న మనిషి గొంతులా. చరణం చివరికి అదే గొంతు పెద్దదై బ్యాండ్ మొత్తం మీద పడుతుంది, మళ్లీ చల్లబడుతుంది. మధ్యలో మాటల్లేని కోరస్. చివరి నిమిషాల్లో వినాల్సింది ఏమిటంటే, బ్యాండ్ అంతా ఒక చిన్న వరసనే పట్టుకుని వదలకుండా తిప్పుతూ ఉంటుంది, దాని మీద అతిథిగా వచ్చిన కీబోర్డ్ వాద్యకారుడు మాన్‌ఫ్రెడ్ మాన్ మూగ్ సింథసైజర్ అనే ఎలక్ట్రానిక్ వాయిద్యంతో ఇష్టం వచ్చినట్టు తిరుగుతాడు. అప్పటికి మూగ్ రాక్‌కి ఇంకా కొత్త. ఆ శబ్దం ఒక చోట జారుతుంది, ఒక చోట గీసుకుపోతుంది, కింద వరస మాత్రం చెక్కు చెదరదు. తొందరపడి ముగించేయకుండా అంతసేపు ఆ ఒక్క వరసనే నమ్ముకుని నిలబడటానికి ఎంత ధైర్యం కావాలి! పర్పుల్ పాటల్లో ఇలాంటిది చూపించండి, అప్పుడు నకలు అన్న మాట ఒప్పుకుంటాను.

అదే ఆల్బమ్‌లో టైటిల్ పాట చివర ఒసిబిసా బ్యాండ్ వాళ్లు వచ్చి ఆఫ్రికన్ తాళవాద్యాలు వాయిస్తారు, 1971లో ఎంతమంది హార్డ్ రాక్ వాళ్లకి ఆ ఆలోచన వచ్చింది? కవర్ మీద అద్దంలా మెరిసే రేకు అతికించారు, రికార్డు కొన్నవాడి మొహమే వాడికి కనపడేలా. ఆ ఏడాదే అంతకు ముందు వచ్చిన 'సాలిస్‌బరీ'లో ఒక వైపు చాలా భాగం దాదాపు పదహారు నిమిషాల ఒకే పాట, బూరలూ వేణువులూ ఉన్న పెద్ద వాద్యబృందంతో. అది పూర్తిగా కుదిరిందని నేననను, కొన్ని చోట్ల అతుకులు కనిపిస్తాయి. కానీ అదే ఆల్బమ్‌లో 'లేడీ ఇన్ బ్లాక్' కూడా ఉంది, దాదాపు రెండే కార్డ్‌ల (కలిపి మోగించే స్వరాల గుంపుల) మీద నడిచే పాట, కోరస్‌లో ఒక్క మాట కూడా ఉండదు. అంత పెద్దదీ ఇంత చిన్నదీ ఒకే రికార్డులో చేసినవాళ్లని ఊహాశక్తి లేనివాళ్లు అనడం ఎలా కుదురుతుంది?

1972లో న్యూజిలాండ్ నుంచి వచ్చిన బేస్ గిటారిస్ట్ గ్యారీ థెయిన్ చేరాక బ్యాండ్ ఇంకో మెట్టు ఎక్కింది. 'డీమన్స్ అండ్ విజార్డ్స్' ఒక్కసారి హెడ్‌ఫోన్స్‌లో బేస్ మీదే దృష్టి పెట్టి వినండి, అడుగున తాళం వేస్తూ కూర్చోడు, తన పాట తను పాడుకుంటూ పోతాడు. 1974లో డల్లాస్‌లో స్టేజి మీద కరెంట్ షాక్ కొట్టింది అతనికి. మరుసటి ఏడాది బ్యాండ్‌లో చోటు పోయింది, ఆ డిసెంబర్‌లో డ్రగ్స్ వల్ల చనిపోయాడు, వయసు 27. ఆ వయసులో పోయిన రాక్ సంగీతకారుల పేర్లు చెప్పేటప్పుడు అతని పేరు చాలామందికి తట్టదు, అది నాకు నిజంగా బాధ.

హీప్ మీద వచ్చిన విమర్శలన్నీ అబద్ధాలని నేను అనడం లేదు. 1970 జూన్ నుంచి 1972 చివరి లోపు ఐదు స్టూడియో ఆల్బమ్‌లు చేశారు, మధ్యలో ఎడతెగని టూర్లు. అంత హడావుడిలో కొన్ని పాటలు సగం ఉడికినట్టే ఉన్నాయి. డెబ్బైల మధ్యకి వచ్చేసరికి సరుకు తగ్గింది, తాగుడు బైరన్‌ని దెబ్బతీసింది, 1976లో అతన్ని తీసేశారు. కానీ మాంత్రికులూ రాక్షసులూ ఉన్న పాటలు చిన్నపిల్లల వ్యవహారం అన్న ఎత్తిపొడుపుని మాత్రం ఒప్పుకోను. లెడ్ జెప్లిన్ ఇంగ్లిష్ రచయిత టోల్కీన్ మాయాలోకపు కథల్లోంచి పేర్లూ సంగతులూ తీసుకుని పాటల్లో పెడితే అది పురాణ స్పృహ అయింది, హీప్ మాంత్రికుడి గురించి పాడితే పిల్లచేష్ట అయింది.

జనం సంగతంటారా, అమ్ముడుపోయిందంతా గొప్పదని ఎవరూ అనరు, నేనూ అనను. కానీ బల్గేరియాలో జరిగేది అమ్మకాల లెక్కల్లోకి రాదు. కమ్యూనిస్టు పాలన ఉండగా ఎనభైల్లో మొదలై, ఏటా జూన్ 30 రాత్రి జనం నల్ల సముద్రం ఒడ్డుకి చేరుకుని, జులై 1 సూర్యోదయం కోసం మేలుకుని ఉంటారు. ఆ ఆనవాయితీ పేరు 'జులై మార్నింగ్', ఈ పాట నుంచే వచ్చింది. 1987లో మాస్కోలో పది రాత్రులు వరసగా కచేరీ చేసిందీ ఈ బ్యాండే. ఇంగ్లిష్ విమర్శకుల తీర్పు చేరని చోట్ల జనం సొంత చెవులతో విన్నారు, తమకి కావాల్సింది అందులో దొరికింది.

మీ అనుబంధంలో ఈ శీర్షిక కొనసాగేటట్టయితే యురాయా హీప్‌కి కనీసం ఒక వారం కేటాయించండి. రాసేవారికి నాదొక మనవి. అందరూ ఎత్తుకునే 'ఈజీ లివిన్' నుంచి మొదలుపెట్టొద్దు, అది రెండున్నర నిమిషాల మంచి పాటే కానీ అందులో ఈ బ్యాండ్ సగమే కనిపిస్తుంది. ముందు 'లుక్ ఎట్ యువర్‌సెల్ఫ్' మొత్తం వినండి, ఆ వెంటనే 1973లో బర్మింగ్‌హామ్‌లో రికార్డు చేసిన లైవ్ ఆల్బమ్ వినండి. స్టూడియోలో వినిపించిన ఆ హార్మనీలు స్టేజి మీద కూడా ఎలా నిలబడ్డాయో విన్నాక రాయండి.

ఇట్లు,
మీ పాఠకుడు