అమ్మా, సూది ఎంత దూరంలో పట్టుకుంటావు?

డ్రెస్డెన్,
2025 నవంబరు 16, ఆదివారం

అమ్మా,

ఈ ఉత్తరం పెద్ద పెద్ద అక్షరాలతో రాస్తున్నాను. అయినా నువ్వు కళ్ళు చికిలించుకుని చదవొద్దు. దగ్గరి చూపు అద్దాలు వచ్చేదాకా తమ్ముడి చేత చదివించుకో.

నీ శుక్లం ఆపరేషన్ అయ్యాక మొన్న ఫోన్‌లో నీ గొంతు విన్నప్పటి నుంచి నా మనసు మనసులో లేదు. "వీధి చివర గోపురం మీద కలశాలు కూడా లెక్కపెట్టగలుగుతున్నా గానీ, చేతిలో ఉన్న సూది బెజ్జం కనిపించట్లేదే" అన్నావు. ఖరీదైన లెన్స్ వేయించుకుని ఉంటే ఈ బాధ ఉండేది కాదని పెద్దత్త అన్నదట. డబ్బుకు చూసుకుని చేజేతులా కన్ను పాడు చేసుకున్నానా అని నువ్వు అప్పటి నుంచి టెన్షన్ పడుతున్నావు. చెకప్‌లో అంతా బాగుందని డాక్టరుగారు చెప్పారు కదమ్మా. ఫోన్‌లో నేను నీకు సరిగ్గా చెప్పలేకపోయాను. అందుకే ఈ ఆదివారం నిదానంగా కూర్చుని రాస్తున్నాను. ముందు నా కెమెరా సంగతి చెబుతాను. నీ సందేహానికి జవాబు నాకు అక్కడే దొరికింది.

ఇక్కడ ఎల్బే నది ఒడ్డున, ఆల్బర్ట్ వంతెన దగ్గర ప్రతి శనివారం పాత సామాన్ల సంత జరుగుతుంది. పింగాణీ కప్పులు, గోడ గడియారాలు, తుప్పు పట్టిన పనిముట్లు, అన్నీ దుప్పట్లు పరిచి అమ్ముతారు. మార్చిలో అక్కడ ఒక పెద్దాయన దగ్గర పాత కెమెరా లెన్స్ కొన్నాను. పెంటాకాన్ 50 మి.మీ., ఎఫ్ 1.8. 20 యూరోలు, మన లెక్కలో దాదాపు రెండు వేలు. నా సెకండ్ హ్యాండ్ మిర్రర్‌లెస్ కెమెరాకు కొత్త లెన్స్ కొనాలంటే దానికి పది రెట్లు పైనే పెట్టాలి. అందుకే ధైర్యం చేసి తీసుకున్నాను.

ఈ ఊరు ఒకప్పుడు కెమెరాల ఊరు. కీనె ఎగ్జాక్టా అనే పేరున్న కెమెరా 1936లో ఇక్కడే తయారైంది. తూర్పు జర్మనీ రోజుల్లో ప్రాక్టికా కెమెరాలు ఇక్కడి నుంచే దేశదేశాలకు వెళ్ళేవి. నా లెన్స్ వాటితో పాటు వచ్చే మామూలు లెన్స్. ఇక్కడికి వంద కిలోమీటర్ల దూరంలో, పోలండ్ సరిహద్దున ఉన్న గోర్లిట్జ్‌లో చేశారట. రెండు జర్మనీలు కలిసిపోయాక పెంటాకాన్ కంపెనీ మూతపడింది. పాత కెమెరా ఫ్యాక్టరీ ఒకటి ఇప్పుడు మ్యూజియం అయింది. అక్కడికి వెళ్ళి అద్దాల పెట్టెల్లో ఉన్న కెమెరాలు చూస్తూ ఒక పూటంతా గడిపాను. వాటిని పట్టుకున్నవాళ్ళంతా నాకులాగే చేత్తో తిప్పి ఫోకస్ చేసినవాళ్ళే కదా అనిపించింది.

ఈ లెన్స్‌కు జూమ్ లేదు. మనిషి పెద్దగా కనిపించాలంటే మనమే దగ్గరికి నడవాలి. ఆటోఫోకస్ కూడా లేదు. లెన్స్ చుట్టూ ఒక రింగు ఉంటుంది. దాన్ని తిప్పితే లోపలి గాజు మొత్తం మర మీద ముందుకో వెనక్కో జరుగుతుంది. దగ్గరి వస్తువు కావాలంటే ముందుకు, దూరపు వస్తువు కావాలంటే వెనక్కి. రింగు మీద దూరాలు మీటర్లలో, అడుగుల్లో చెక్కి ఉంటాయి.

బిగించడానికే రెండు వారాలు పట్టింది. కెమెరాకూ లెన్స్‌కూ మధ్య 42 మిల్లీమీటర్ల మర ఉన్న అడాప్టరు కొన్నాను. బిగిస్తే కెమెరా అసలు ఫొటోనే తీయనంది. లెన్స్ లేకపోయినా ఫొటో తీయమని సెట్టింగుల్లో ఒక మాట ఉంటుందట, అది ఆన్ చేశాక పనిచేసింది. తర్వాత చూస్తే, వెలుతురు వచ్చే సందును పెంచీ తగ్గించే అపర్చరు రింగు తిరుగుతోంది గానీ లోపలి రేకులు కదలడం లేదు. లెన్స్ వెనక చిన్న పిన్ను ఉంది, దాన్ని నొక్కి ఉంచే అంచు నా అడాప్టరుకు లేదు. అంచు ఉన్నది ఇంకొకటి కొనాల్సి వచ్చింది.

అసలు కష్టం ఆ తర్వాత మొదలైంది. మా కింది వాటాలో ఒక పెద్దావిడ ఉంటారని చెప్పాను కదా, నాకు జర్మన్ మాటలు దిద్దే ఆవిడ. ఏప్రిల్‌లో ఆవిడను వంటింటి కిటికీ దగ్గర కూర్చోబెట్టి ముప్ఫై నలభై ఫొటోలు తీశాను. కెమెరా వెనక తెరలో అన్నీ బాగున్నాయి. రాత్రి కంప్యూటర్‌లో పెద్దవి చేసి చూస్తే ఒకదాంట్లో ముక్కు కొన తేటగా ఉంది, ఇంకోదాంట్లో చెవి కమ్మ, మరోదాంట్లో శాలువా కుచ్చు. కళ్ళు మాత్రం ఒక్కదాంట్లోనూ తేటగా లేవు. మర్నాడు ఆవిడ అడిగితే ఏం చూపించాలో తెలియక ఏడుపొచ్చినంత పనైంది.

లెక్క వేసుకుంటే గానీ తెలియలేదు. ఈ లెన్స్‌ను పూర్తిగా తెరిచి, మీటరు దూరంలో ఉన్న మనిషిని తీస్తే, నా కెమెరాలో ముందు నుంచి వెనక్కి తేటగా వచ్చే మందం మొత్తం మూడు సెంటీమీటర్లే. ముక్కు కొన నుంచి కంటి దాకా కూడా సరిపోదు. నేను ఊపిరి పీల్చి వదిలేలోపు నా తలే అంత దూరం ఊగుతుంది. రింగు సరిగ్గానే తిప్పాను, తిప్పాక కదిలిపోయాను.

అప్పుడు నువ్వే గుర్తొచ్చావమ్మా. మాస్టర్‌గారి షాపు నుంచి జాకెట్లు తెచ్చుకుని హుక్కులూ కాజాలూ కుట్టేటప్పుడు అరుగు మీద ఎలా కూర్చునేదానివో కళ్ళకు కట్టింది. మోకాళ్ళు పైకి మడిచి, మోచేతులు వాటి మీద ఆనించి, దారం కొస నాలుకతో తడిపి, వేళ్ళ మధ్య నులిమి, ఒక్క క్షణం ఊపిరి బిగపట్టి దూర్చేదానివి. పక్కన మేం గోల చేస్తుంటే "ఉండండర్రా" అనేదానివి. ఇప్పుడు నేనూ అలాగే నిలబడుతున్నాను. మోచేతులు పక్కటెముకలకు ఆనించి, లెన్స్ కింద ఎడమ అరచెయ్యి పెట్టి, బొటనవేలితోనూ చూపుడువేలితోనూ రింగు తిప్పుతాను. ఊపిరి సగం వదిలి ఆపి నొక్కుతాను.

రింగు తిప్పడంలోనూ ఒక పద్ధతి ఉంది. తేటగా కనిపించగానే ఆపకూడదు, దాన్ని దాటించాలి. మళ్ళీ మసకబారాక వెనక్కి రావాలి. అటూ ఇటూ మసక తెలిస్తేనే మధ్యలో ఎక్కడ ఆగాలో తెలుస్తుంది. తాతయ్య రేడియోలో విజయవాడ స్టేషన్ పట్టేవాడు చూడు, గరగర వచ్చేదాకా ముందుకు తిప్పి, గరగర వచ్చేదాకా వెనక్కి తిప్పి, ఆ మధ్య నిలిపేవాడు. అచ్చం అదే. చివరి పిసరు మాత్రం రింగుతో తిప్పను. నేనే ఒక వెంట్రుకవాసి ముందుకు వంగుతాను, లేదా వెనక్కి జరుగుతాను.

కెమెరాలో సాయం చేసే ఏర్పాట్లు రెండున్నాయి. ఒకటి పీకింగ్, ఫోకస్ కుదిరిన అంచుల మీద ఎర్రటి చుక్కలు చూపిస్తుంది. మొదట్లో దాన్నే నమ్ముకున్నాను. కానీ లెన్స్ పూర్తిగా తెరిచినప్పుడు అది కంటి రెప్పకూ కనుబొమకూ కలిపి ఎర్రచుక్కలు పెడుతుంది, రెండూ కుదిరాయనే అనిపిస్తుంది. రెండోది తెర మీద ఒక చోటును పెద్దది చేసి చూడటం. అది ఆలస్యం, కానీ నిజం చెబుతుంది. మనిషి కంట్లో కిటికీ వెలుగు ఒక చిన్న చుక్కగా మెరుస్తుంది. ఆ చుక్క ఎప్పుడు అతి చిన్నదిగా, పదునుగా కనిపిస్తుందో అప్పుడే నొక్కాలి. జూన్‌లో పెద్దావిడను మళ్ళీ కూర్చోబెట్టాను. ఆవిడ కంట్లో మా కిటికీ, కిటికీలో నా కరివేపాకు కుండీ కూడా కనిపించాయి. ఆ ఫొటో ఆవిడ ఫ్రేము కట్టించుకున్నారు.

ఇప్పుడు నీ కన్ను సంగతి. మన కంట్లో పుట్టుకతో ఉండే లెన్స్ నా గాజులా ముందుకూ వెనక్కూ జరగదు. దగ్గరి వస్తువును చూసేటప్పుడు కండరాలు బిగుసుకుంటే అది కాస్త ఉబ్బుతుంది, దూరం చూసేటప్పుడు పలచబడుతుంది. మనకు తెలియకుండానే రోజంతా ఆ రింగు తిరుగుతూ ఉంటుంది. వయసు మీదపడేకొద్దీ లెన్స్ గట్టిపడి ఉబ్బడం తగ్గుతుంది, నలభై దాటాక వచ్చే చత్వారం అదే. నీకు దాని మీద శుక్లం కూడా పట్టింది. ఆ మసకబారిన లెన్స్ తీసేసి, కొత్తది పెట్టారు. కొత్తది ఒకే దూరానికి అమర్చినది. నీకు దూరానికి అమర్చారు. అందుకే కలశాలు అంత తేటగా ఉన్నాయి. సూది దగ్గరికి రావడానికి తిప్పే రింగు దానికి లేదు, అంతే. కన్ను పాడవలేదమ్మా. దూరానికి పెట్టి ఉంచిన నా లెన్స్‌లో కూడా ముందున్న కరివేపాకు రెమ్మ ఇలాగే పచ్చటి మరకలా కనిపిస్తుంది.

దూరానికీ దగ్గరికీ వెలుతురును పంచే ఖరీదైన లెన్సులు ఉన్న మాట నిజమే. అందరికీ అవి నప్పవు, రాత్రిపూట దీపాల చుట్టూ వలయాలు కనిపిస్తున్నాయని కొందరు బాధపడతారు. నీకు వేసింది మామూలు లెన్స్, తక్కువ రకం లెన్స్ కాదు. ఒక దూరాన్ని పూర్తిగా చూపిస్తుంది. 1949లో లండన్‌లో హెరాల్డ్ రిడ్లీ అనే డాక్టరు మొదటిసారి మనిషి కంట్లో ఇలాంటి లెన్స్ పెట్టాడు. యుద్ధంలో విమానాల ప్లాస్టిక్ అద్దం ముక్కలు కళ్ళలో గుచ్చుకున్న పైలట్లకు ఆ ముక్కల వల్ల కన్ను వాచిపోవడం లేదని గమనించాడట, అదే రకం ప్లాస్టిక్‌తో లెన్స్ చేయించాడు. మన దేశంలో 1992 నుంచి మదురైలో అరవింద్ కంటి ఆసుపత్రి వాళ్ళ ఆరోల్యాబ్ ఈ లెన్సులు చవకగా తయారు చేస్తోంది. చవక అయ్యాయి కాబట్టే మనలాంటి ఇళ్ళకు చేరాయి. పెద్దత్తకు ఈ ముక్క తమ్ముణ్ణి చదివి వినిపించమను.

ఇంకొకటి అడిగావు. పగలు ఎండలో అరుగు మీద కూర్చుంటే పంచాంగంలో పెద్దక్షరాలు కాస్త తెలుస్తున్నాయి, రాత్రి లైటు కింద ఏమీ తెలియడం లేదు, ఎందుకని. అది కూడా నా లెన్స్ చెప్పింది. లోపలి రేకులను మూస్తే సందు చిన్నదవుతుంది, సందు చిన్నదైతే తేటగా కనిపించే మందం పెరుగుతుంది. ఎండలో నీ కంటిపాప అలాగే ముడుచుకుంటుంది. కార్తీక దీపం తులసికోటలో ముద్దలా కనిపిస్తోందన్నావు కదా, రాత్రి కంటిపాప విచ్చుకుంటుంది, దగ్గరి దీపం మీద ఫోకస్ ఉండదు, దాంతో మసక ఇంకా పెద్దదవుతుంది. నా లెన్స్ పూర్తిగా తెరిచి తీస్తే ఇక్కడి వీధి దీపాలూ అలాగే గుండ్రటి ముద్దలవుతాయి. అయినా ఈసారి చెకప్‌కి వెళ్ళినప్పుడు దీపం మాట డాక్టరుగారికి చెప్పు, దాచుకోవద్దు.

నీలాగే దూరం ముందే అమర్చుకుని నేనూ ఫొటోలు తీస్తున్నాను. ఇక్కడి ట్రాములు పసుపు రంగులో ఉంటాయి. వస్తున్న ట్రామును చూస్తూ రింగు తిప్పితే ఎప్పటికీ అందదు. అందుకని పట్టాల మీద పది మీటర్ల దూరంలో ఒక గుర్తు చూసుకుని, రింగు అక్కడ పెట్టి, అపర్చరు 8 చేసి, అంటే సందు చిన్నది చేసి, నిలబడతాను. ఆరు మీటర్ల నుంచి పాతిక మీటర్ల దాకా ఏది వచ్చినా తేటగా పడుతుంది. ఇక రింగు ముట్టుకోనక్కర్లేదు, ట్రాము వచ్చేదాకా ఆగితే చాలు. ఇప్పుడు నాలుగున్నరకే చీకటి పడుతోంది కాబట్టి ఆ పని శని, ఆదివారాల మధ్యాహ్నం మాత్రమే కుదురుతోంది. ఇవాళ వాన, పోలేదు.

ఈ లెన్స్ అతి దగ్గరగా చూడగలిగే దూరం 33 సెంటీమీటర్లు. అంటే 13 అంగుళాలు. మొన్న నా కోటు గుండీ ఊడితే కుడుతూ, నీలా కూర్చుని, కంటి నుంచి సూది దాకా కొలిచి చూశాను. సరిగ్గా పదమూడే వచ్చింది. ఆ గుండీలో దారం ఫొటో ఈ ఉత్తరంలో పెడుతున్నాను. దారం మీద నూగు తేటగా ఉంది, గుండీ అంచు అప్పుడే మసకబారింది. అంత దగ్గరలో తేటగా వచ్చే మందం బియ్యపు గింజలో సగం ఉంటుందేమో.

అందుకే నాకొక పని చేసిపెట్టు. టేపు ఎలాగూ నీ మెడలోనే ఉంటుంది. అలవాటుగా కూర్చుని, ఉత్త చేతులతోనే సూది పట్టుకున్నట్టు పట్టుకో. డాక్టరుగారు ఇంకా కుట్టొద్దన్నారు కాబట్టి కుట్టకు. కంటి నుంచి వేళ్ళ దాకా ఎన్ని అంగుళాలో తమ్ముణ్ణి కొలవమను. మిషను ముందు కూర్చుని, పాదం కింద గుడ్డ ఎంత దూరంలో ఉంటుందో అది కూడా కొలవమను. రెండూ ఒకటి కావు, మిషను దూరం ఎక్కువ వస్తుంది. రెండంకెలూ కాగితం మీద రాసుకుని, దగ్గరి చూపు అద్దాలు రాసే రోజు తప్పకుండా చూపించండి. "చదవడానికి" అని మాత్రమే చెబితే పుస్తకం దూరానికి ఇస్తారు. నేను కుట్టుపని చేస్తాను, చెయ్యి ఇంత దూరంలో ఉంటుంది, మిషను ఇంత దూరంలో ఉంటుంది అని చెప్పు.

కొలవగానే నాకు మెసేజ్ పెట్టమను. రాత్రి ఎంత పొద్దుపోయినా చూస్తాను.

చుక్కల మందు మర్చిపోవద్దు. నాన్నకు నమస్కారాలు చెప్పు.

నీ
పెద్దమ్మాయి