బుద్ధ్ సర్క్యూట్ నుంచి శీనుగాడికి

హైదరాబాద్,
26 సెప్టెంబర్ 2023

ఒరేయ్ శీనూ,

వాయిస్ మెసేజ్ పెడదామంటే నువ్వు వినవు. పోయినసారి ఎనిమిది నిమిషాలది పెడితే "సారాంశం టైప్ చెయ్యరా" అన్నావు. అందుకే కాగితం మీద రాస్తున్నాను. వచ్చే నెల మీ అమ్మ డల్లాస్ వస్తోంది కదా, ఆవకాయ డబ్బాల మధ్య పెట్టి పంపిస్తా. నూనె మరకలుంటే నన్ను తిట్టకు.

ఆదివారం నీకు తెల్లవారుజామున అయిదింటికి మోటోజీపీ బైకు రేసు. అలారం పెట్టుకుంటానని మూడుసార్లు చెప్పి మొద్దు నిద్ర పోయావు. ఫలితాలు ఎలాగూ చూసుంటావు, అయినా నా చేత్తో ఒకసారి రాసుకోవాలి: బెజెక్కి గెలిచాడు. 8.649 సెకన్ల తేడాతో. మా హీరో, 46 నంబరు రోస్సీ బడిలో పెరిగిన కుర్రాడు, మన దేశంలో జరిగిన మొట్టమొదటి మోటోజీపీలో, నేను స్టాండులో కూర్చుని చూస్తుండగా. 2015లో సెపాంగ్ రేసులో రోస్సీ, మీ హీరో 93 నంబరు మార్క్వెజ్ ఢీకొన్న గొడవకి నువ్వు నాతో మూడు రోజులు మాట్లాడలేదు గుర్తుందా? హాస్టల్ గదిలో ఒకే పల్సర్ తాళం పంచుకునేవాళ్ళం, అది కూడా నా దిండు మీదకి విసిరికొట్టి వెళ్ళిపోయావు. ఎనిమిదేళ్ళ బాకీ ఇప్పుడు తీరింది.

సరే, మొదట్నుంచీ చెప్తా. నాకు తోడుగా వచ్చింది మా బావమరిది. వాడికి బైకంటే ఆఫీసుకి వెళ్ళే సాధనం, అంతే. ఢిల్లీ చూపిస్తానని చెప్పి గ్రేటర్ నోయిడాలోని బుద్ధ్ సర్క్యూట్‌కి లాక్కెళ్ళాను. యమునా ఎక్స్‌ప్రెస్‌వే మీద పోతుంటే "బావా, ఎర్రకోట ఎప్పుడొస్తుంది?" అని అడిగాడు పాపం.

ఈసారి మొదట వార్తల్లోకి ఎక్కింది రేసు కాదురా, వీసాలు. రైడర్లకీ టీముల వాళ్ళకీ వీసాలు ఆలస్యమై, నీ మార్క్వెజ్ కూడా అనుకున్న ఫ్లైటు ఎక్కలేకపోయాడు. హెచ్‌వన్ స్టాంపింగ్ కోసం నువ్వు ఆర్నెల్లు తలపట్టుకున్న సంగతి గుర్తొచ్చి, తప్పే అనుకో, నవ్వొచ్చింది. ఎనిమిది ప్రపంచ టైటిళ్ళున్నా పాస్‌పోర్టు పాస్‌పోర్టే.

సర్క్యూట్ పాతదే. 2011 నుంచి మూడేళ్ళు ఫార్ములా వన్ జరిగిందే, అది. బైకుల కోసం కొన్ని మలుపులు మార్చి 4.96 కిలోమీటర్లు, 13 మలుపులు చేశారు. మేం బ్యాక్ స్ట్రెయిట్ అనే పొడుగాటి తిన్నని దారి చివర, బ్రేకులు వేసే చోటు కనబడే స్టాండులో కూర్చున్నాం. టీవీలో ఇన్నేళ్ళు చూశాం కదా, అంతా తెలుసనుకున్నా. ఏమీ తెలీదురా. ముందు చప్పుడు వినబడదు, గుండెల మీద పడుతుంది. కిలోమీటరు పొడుగున చిన్న చుక్కలా మొదలై, నువ్వు రెప్పార్పేలోపు నీ ముందుంటాడు. అప్పుడు రైడరు ఒక్కసారి నిటారుగా లేస్తాడు, గాలిని ఛాతీతో ఆపుతున్నట్టు. వెనక చక్రం నేల మీద ఉందో లేదో అన్నట్టు ఊగుతుంది, ఒక కాలు పెడల్ మీంచి జారి బయటికి వేలాడుతుంది. ఆ స్థితిలోనే బైకుని పక్కకి పడేస్తాడు. "పడేస్తాడు" అన్న మాట తప్ప ఇంకోటి లేదు దానికి. చెవుల్లో పెట్టుకోడానికి ఏమీ తీసుకెళ్ళలేదు నేను, తెలివితక్కువతనం. బావమరిది దగ్గర దూది ఉంటే చెరో ముక్క పెట్టుకున్నాం.

శనివారం పొద్దున క్వాలిఫయింగ్‌లో బెజెక్కి 1:43.947తో పోల్ కొట్టాడు, అంటే రేసు అందరికన్నా ముందు నుంచి మొదలుపెట్టే చోటు. పక్కన హోర్హే మార్టిన్, తర్వాత బన్యాయా. ముగ్గురివీ డుకాటీ బైకులే. ఇక స్ప్రింట్‌కి, అదే శనివారం పొట్టి రేసుకి, రెడీ అనుకునేసరికి వానా, మెరుపులూ. అందరం తడుస్తూ కూర్చున్నాం. చివరికి ఆలస్యంగా మొదలైంది. మొదలవడమే తడవు, మొదటి మలుపులోనే మరీనీ వచ్చి బెజెక్కిని గుద్దాడు. ఎవరీ మరీనీ? బెజెక్కికి సొంత టీమ్‌మేటు. అంతేనా? రోస్సీకి తమ్ముడు, ఒక తల్లి పిల్లలు! అన్న టీములో తమ్ముడు అన్న శిష్యుణ్ణే గుద్దేశాడు. ఇలాంటి సీను టీవీ సీరియల్లో పెట్టినా అతిగా ఉందంటారు. పాపం తమ్ముడికే కాలర్‌బోన్ విరిగింది. బెజెక్కి పడలేదు గానీ అందరికన్నా వెనక్కి పోయాడు.

అప్పుడు చూడాలి శీనూ. 11 ల్యాపులే ఉన్నాయి. ప్రతిసారీ మా ముందుకొచ్చేసరికి ఇద్దరో ముగ్గురో తగ్గుతున్నారు. 72 నంబరు ఎక్కడుందో బావమరిదికి చూపించడమే నా పనైపోయింది. చిట్టచివర్నుంచి అయిదో స్థానానికి వచ్చాడు. గెలిచింది మార్టిన్, రెండు బన్యాయా, మూడు... రాయక తప్పదు, మార్క్వెజ్. ఆ చెత్త హోండా మీద! నువ్వు శనివారం పెట్టిన పదిహేడు మెసేజ్‌లూ చదివాను, కావాలనే జవాబివ్వలేదు.

ఆదివారం సంగతి వేరే. ఎండ అంటే మన బెజవాడ ఎండ కాదు, ఒళ్ళంతా తడిగుడ్డ చుట్టి ఆవిరి మీద పెట్టినట్టుంది. ముందురోజు వాన వల్ల ఉక్క ఇంకా ఎక్కువైంది. 24 ల్యాపుల రేసుని 21కి తగ్గించారంటే చూసుకో. కింది క్లాసుల్లో మోటో3 మాసియా గెలిచాడు, మోటో2 పెద్రో అకోస్టా. ఈ అకోస్టాకి 19 ఏళ్ళు, వచ్చే ఏడు పెద్ద క్లాసుకి వస్తున్నాడు. రాసి పెట్టుకో. ఆ సమయానికి స్టాండులో సగం మంది ఫోన్లలో ఇండోర్ వన్డే పెట్టుకున్నారు. గిల్, అయ్యర్ ఆస్ట్రేలియాని ఉతుకుతున్నారు. మన జనం క్రికెట్‌ని ఇంట్లో వదిలి రారు కదా.

మూడున్నరకి అసలు రేసు. బెజెక్కి మొదట్లోనే ముందుకెళ్ళిపోయాడు, ఇక ఎవరికీ దొరకలేదు. బోరు కొట్టిందా అని అడుగుతావు, తెలుసు. లేదు. ఎందుకంటే అక్కడ వేగం ఒక్కటే కాదు, ఎండ కూడా రేసు ఆడుతోంది. ఒకడి వెనక ఒకడు దగ్గరగా వెళ్తే ముందు బైకు వేడి గాలంతా వెనకవాడి ముఖానికే. వాడి ముందు టైరు వేడెక్కుతుంది, లోపలి గాలి ఒత్తిడి పెరుగుతుంది, పట్టు తగ్గుతుంది. బ్రేకు కాస్త గట్టిగా నొక్కితే ముందు చక్రం జారిపోతుంది. అందరికన్నా ముందున్నవాడికి మాత్రం ఎదురుగా ఖాళీ గాలి. అందుకే ఒకసారి బెజెక్కి ముందుకి పోయాక, వెనకాల వాళ్ళు దగ్గరికి రావాలంటే ఉడకాల్సిందే. ఈ లెక్క నేను చెప్తే బావమరిది శ్రద్ధగా విని, "అయితే మైలేజీ ఎంతిస్తుంది బావా?" అన్నాడు. ముందు నవ్వాను, తర్వాత లెక్కేశాను. ట్యాంకు 22 లీటర్లకి మించకూడదు, రేసు దగ్గర దగ్గర 104 కిలోమీటర్లు. అటూ ఇటూగా లీటరుకి అయిదు. "మా అంకుల్ లారీలాగే" అన్నాడు. ఇక వాడితో వాదించలేదు.

మార్టిన్ కథ చెప్పాలి. రేసు నడుమ వాడి లెదర్ సూట్ జిప్పు తెరుచుకుపోయింది. అంత వేగంలో ఒక చెయ్యి హ్యాండిల్ వదిలి జిప్పు పైకి లాక్కుంటున్నాడు! పెద్ద స్క్రీన్ మీద చూసి స్టాండంతా "అరె అరె" అని లేచింది. మనం కరకట్ట మీద జర్కిన్ జిప్పు వేసుకోబోయి గట్టు దిగి పొలంలోకి పోయాం, గుర్తుందిగా? అప్పుడు మన స్పీడు నలభై. జిప్పు తెరిచి పోవడం రూలుకి విరుద్ధం కూడా. 2021లో బార్సిలోనాలో క్వార్టరారోకి అలాగే సూట్ తెరుచుకుని మూడు సెకన్ల పెనాల్టీ పడింది. విచిత్రం చూడు, ఆదివారం మార్టిన్ వెనకాల పొంచి ఉన్నది ఆ క్వార్టరారోనే. చివరి ల్యాపులో మార్టిన్ ఒక మలుపులో వెడల్పుగా పోతే సందులో దూరిపోయాడు. మార్టిన్ మళ్ళీ ఏ ఓపికతో లాక్కున్నాడో, రెండో స్థానం నిలబెట్టుకున్నాడు. బైకు దిగాక చూస్తే మార్టిన్ నిలబడలేక కూలబడిపోయాడు. ఒంట్లో నీళ్ళు ఇంకిపోయాయి. పాతికేళ్ళ కుర్రాడు, దేహం ఉక్కులా ఉంటుంది, వాణ్ణే పడగొట్టింది ఆ ఎండ. మేం ఊరికే కూర్చున్నవాళ్ళమే మూడు కొబ్బరిబోండాల కోసం అల్లాడాం, అక్కడ కొబ్బరిబోండాలెక్కడివి!

ఇంకో సంగతి. బన్యాయా పడ్డ క్షణం నేను చూడలేదు. ఫోన్లో వీడియో తీస్తూ కూర్చున్నా కదా, ఎండకి ఫోను వేడెక్కి ఆగిపోయింది. దాన్ని చొక్కాతో విసురుతూ తల వంచుకున్నా. హోరు వినబడి తలెత్తేసరికి ఎర్ర డుకాటీ రాళ్ళలో ఉంది. మార్టిన్‌ని దాటి రెండో స్థానానికి వచ్చిన కాసేపటికే ముందు చక్రం జారింది. ఛాంపియన్‌షిప్‌లో 36 పాయింట్ల ఆధిక్యంతో వచ్చినవాడు 13తో వెళ్ళాడు. ఆ తర్వాత ఫోను జేబులో పెట్టేసి కళ్ళతోనే చూశా. ముందే చెయ్యాల్సిన పని.

ఇక నీవాడి సంగతి. వెటకారం చెయ్యడానికి దాచుకున్నా దీన్ని, నిజం. మార్క్వెజ్ ముందున్న గుంపు వెనకే ఉన్నాడు, జారి పడ్డాడు. నేను లేచి చప్పట్లు కొట్టాను కూడా. మా ముందు వరసలో 93 నంబరు టీషర్టు వేసుకున్న పిల్లాడు, పన్నెండేళ్ళుంటాయేమో, వెనక్కి తిరిగి నన్ను ఒక చూపు చూశాడు. నువ్వు తాళం విసిరికొట్టినప్పుడు చూసిన చూపు. కూర్చుండిపోయా.

పడ్డవాడు పడ్డట్టు ఉండొచ్చు కదా. లేచి బైకెక్కాడు. అంత వెనకబడ్డాక ఎవడైనా ఎండని చూసి బైకుని గ్యారేజీలోకి తోలేస్తాడు. ఇతగాడు ప్రతి ల్యాపూ మా ముందుకొచ్చి అందరికన్నా ఆలస్యంగా బ్రేకు వేస్తున్నాడు. హోండా వెనక చక్రం దున్నపోతులా తన్నుతోంది, దాన్ని అణిచిపెట్టి మలుపులోకి తోస్తున్నాడు. 2020లో హెరెజ్‌లో విరిగి నాలుగు ఆపరేషన్లు చేయించుకున్న చెయ్యి అది. పోరాడి పోరాడి తొమ్మిదో స్థానానికి వచ్చాడు. ఏడు పాయింట్లు. ఆ ఏడు పాయింట్లతో అతనికి ఈ ఏడాది ఒరిగేదేమీ లేదు. నేనూ, ఆ పిల్లాడూ ఆఖరి అయిదారు ల్యాపులూ బెజెక్కిని వదిలేసి అతన్నే చూశాం. ఈ మాట మన కాలేజీ గ్రూపులో పెట్టావంటే ఊరుకోను.

బైండర్ నాలుగు, జోన్ మిర్ అయిదు. రెండో హోండా అయిదో స్థానంలో వచ్చిందంటే బైకు మరీ అంత చెత్తా కాదేమో అంటారు కొందరు. నేనొప్పుకోను. మార్క్వెజ్ హోండాని వదిలి, డుకాటీ బైకులు నడిపే గ్రెసినీ టీముకి పోతాడని పుకార్లొస్తున్నాయి. ఈ ఉత్తరం నీకు అందేసరికి తేలిపోయి ఉండొచ్చు. జపాన్ రేసు కూడా అయిపోయి ఉంటుంది. పోతే మాత్రం మా వాళ్ళకి కష్టకాలమే.

తిరుగు ప్రయాణంలో బావమరిది ఒక్క మాట మాట్లాడలేదు. ఎయిర్‌పోర్టులో అడిగాడు, "బావా, నాకు సెకండ్ హ్యాండ్ ఆర్‌ఎక్స్ హండ్రెడ్ దొరుకుతుందా?" అని. మా అత్తగారికి తెలిస్తే నా పని అంతే.

ఎల్లుండి నిమజ్జనం, రోడ్లన్నీ మూసేస్తారు, ఈలోపే దీన్ని మీ అమ్మకి అందించాలి. కవరుతో పాటు ఒక టోపీ కూడా ఉంటుంది. నిన్ను ఏడిపించడానికి 46 కొందామని స్టాల్ దాకా వెళ్ళాను, 93 కొన్నాను. పెట్టుకుని ఫోటో పెట్టు. మీ చెల్లెలితో మాట్లాడినప్పుడు ధర మాత్రం ఎత్తకు, మూడొందలని చెప్పాను.

ఉంటాను,
నీ రవి