మన ఇళ్ళ కింది నేల: స్థానిక చరిత్ర సంఘం వార్షిక నివేదిక

సభ్యులందరికీ నమస్కారం.

ఈ ఏడాది పనంతా రెండు చోట్ల సాగింది: ఇల్లినాయ్ పాత భూమి సర్వే పుస్తకాల్లో, శ్మశానాల్లోని పాలరాతి సమాధుల దగ్గర.

చికాగో దగ్గర నేటి నేపర్‌విల్ ఊరున్న చోట జోసెఫ్ నేపర్ వాళ్ళు 1831లో స్థిరపడ్డారు. మరుసటేడు మూలవాసుల నాయకుడు బ్లాక్ హాక్‌తో యుద్ధం రాగానే ఆ కుటుంబాలు చికాగోలోని ఫోర్ట్ డియర్‌బార్న్ కోటలో తలదాచుకున్నాయి. 1833 నాటి చికాగో ఒప్పందంతో ఇక్కడి మూలవాసులైన పొటావాటమీలు ఈ ప్రాంతం విడిచి పడమరకు వెళ్ళవలసి వచ్చింది. అందుకే మన పట్టికల్లో 'మొదటి నివాసి' అన్న మాట తీసేసి 'మొదటి కొనుగోలుదారు' అని రాస్తున్నాం.

సర్వే లెక్క తెలిస్తే మీ ఇంటి స్థలం పాత యజమానిని మీరే పట్టుకోవచ్చు. టౌన్‌షిప్ అంటే ఆరు మైళ్ళ చదరం, అందులో 36 సెక్షన్లు, ఒక్కోటి 640 ఎకరాలు. 16వ సెక్షన్ బడి కోసం విడిచిపెట్టారు. అంకెలు ఈశాన్య మూలలో మొదలై పడమరకు వెళ్ళి, రెండో వరుసలో తూర్పుకు మళ్ళుతాయి, ఎద్దులు సాలు తిరిగినట్టు. అన్ని వరుసలూ ఒకే వైపు లెక్కపెట్టినవాళ్ళు వేరే సెక్షన్ కాగితాలు తెచ్చుకుంటున్నారు. కొలత గంటర్ గొలుసు అనే సర్వే గొలుసుతో: దాని పొడవు 66 అడుగులు, 100 లింకులు. మన పొలాల లెక్క కూడా ఇదే. సెంటు అంటే 1000 చదరపు లింకులు, గుంట అంటే అర గొలుసు చదరం. సెక్షన్ మూలల దగ్గరి చెట్టు జాతి, లావు, దిక్కు, దూరం సర్వేయర్లు రాసిపెట్టారు. చెట్టు లేని ప్రెయిరీ గడ్డిమైదానంలో మట్టిదిబ్బ పోశారు. మూలవాసులతో 1816లో కుదిరిన ఒప్పందపు సరిహద్దు గీత ఏటవాలుగా పోయే చోట సెక్షన్లు ముక్కలవుతాయి, అక్కడ 640 లెక్క పనిచేయదు.

పట్టా తేదీని రాక తేదీ అనుకోవద్దు. చికాగో భూమి కార్యాలయం తెరిచింది 1835లో. అంతకు ముందే గుడిసె వేసుకున్నవారు ఎకరానికి డాలరుంపావు నగదు కట్టాకే పట్టా వచ్చేది. 1862 నాటి హోమ్‌స్టెడ్ (ఉచిత భూమి చట్టం) దస్తావేజుల్లో వీరి కోసం వెతకడం వృథా, అప్పటికే ఇక్కడి భూమి దాదాపు అమ్ముడైపోయింది.

సమాధి రాళ్ళ పనిలో తొందర పనికిరాదు. ముందు స్థలం యజమాని అనుమతి. తరవాత వేలితో మెల్లగా తట్టాలి. డొల్ల శబ్దం వచ్చినా, పంచదారలా పలుకులు రాలినా ఆ రాయిని ముట్టుకోకూడదు. గట్టిగా ఉంటే మంచినీళ్ళతో బాగా తడిపి, రాతి మీది నాచు, మరకలు తీసే డీ/2 ద్రావణం చల్లి పది పదిహేను నిమిషాలు ఆగి, మెత్తటి నైలాన్ బ్రష్‌తో కింది నుంచి పైకి రుద్దాలి. పైనుంచి మొదలుపెడితే మురికి నీరు కారి చారలు పడతాయి. చివర్లో మళ్ళీ పుష్కలంగా నీళ్ళు. బ్లీచ్ వాడితే దాని ఉప్పు రాతిలో మిగిలిపోయి లోపలినుంచి పొరలు లేపుతుంది. ఇనప బ్రష్, ప్రెజర్ వాషర్ అసలు వద్దు. అక్షరాలు కనబడకపోతే పిండి, షేవింగ్ క్రీమ్ పూయకండి. నిలువుటద్దంతో ఎండను పక్కవాటుగా పడేలా చేస్తే చాలు, గీతల నీడ పడి పేరు తేలుతుంది.

వయసు చదవడంలో ఒక పొరపాటు చాలాసార్లు ఎదురైంది. రాతి మీద '35వ ఏట' అని ఉంటే నిండింది 34 ఏళ్ళే, తెలుగులోనూ మనం అలాగే అంటాం. ఏళ్ళు, నెలలు, రోజులు ఇచ్చి ఉంటే మరణ తేదీలోంచి తీసి పుట్టిన రోజు రాబట్టాం. నెలలు సమానం కావు గనుక ఒకటి రెండు రోజుల తేడాకు చోటిచ్చి 'సుమారు' అని రాశాం.

వ్యవసాయ జీవితం మీద పని ఇంకా తొలి మెట్టులోనే ఉంది. జాన్ డీర్ 1837లో గ్రాండ్ డిటూర్‌లో చేసిన ఉక్కు నాగలికి ముందు, పోత ఇనుము నాగలికి నల్లమట్టి అంటుకుని రైతు మాటిమాటికీ ఆగి గీకవలసి వచ్చేది. గడ్డినేల తొలి దుక్కి రెండు మూడు అంగుళాలే. లోతుగా పోతే గడ్డి వేళ్ళు కుళ్ళవు. మొదటి ఏడు ఆ తిరగబడ్డ పెళ్ళల్లో గొడ్డలితో గాటు పెట్టి మొక్కజొన్న వేసేవారు.

రాళ్ళ పని వసంతంలో, రాత్రిళ్ళు నీళ్ళు గడ్డకట్టడం ఆగాకే మళ్ళీ మొదలవుతుంది. వచ్చేవారు రెండు బకెట్లు, మోకాళ్ళ కింద వేసుకునే దిండు, నిలువుటద్దం తెచ్చుకోండి. శ్మశానంలో కుళాయి ఉంటుందని అనుకోవద్దు, నీళ్ళు కారులోనే తీసుకురండి.