రికార్డులో 98 అని రాస్తే తప్పా?

సంపాదకుడు గారికి,

మాది హైదరాబాద్‌లో ఉప్పల్. మా అమ్మాయి తొమ్మిదో తరగతి. పోయిన వారం సైన్స్ రికార్డు పట్టుకుని మొహం మాడ్చుకుని ఇంటికొచ్చింది, ఏమైందమ్మా అంటే మాట్లాడకుండా ఆ పేజీ తీసి చూపించింది. నీటి మరుగు స్థానం అన్న గడిలో తను రాసిన 98ని ఎర్ర పెన్నుతో కొట్టేసి పక్కన 100 అని దిద్దారు, ఒక మార్కు కోశారు. ఒక్క మార్కు కోసం పేపరుకి ఉత్తరమా అని నవ్వుకుంటారేమో, నవ్వుకోండి. కానీ పిల్ల రాసింది తప్పు కాదు, దిద్దిందే తప్పు.

హైదరాబాద్ సముద్రమట్టానికి దాదాపు 540 మీటర్ల ఎత్తులో ఉంది. ఎత్తుకి వెళ్లేకొద్దీ గాలి ఒత్తిడి తగ్గుతుంది, ఒత్తిడి తగ్గితే నీళ్లు తక్కువ వేడికే మరిగిపోతాయి, ప్రతి 300 మీటర్లకీ ఇంచుమించు ఒక డిగ్రీ చొప్పున. ఆ లెక్కన మన ఊళ్లో నీళ్లు 98 చిల్లరకే కుతకుతలాడాలి. విశాఖ బీచ్ దగ్గరైతే 100, అరకులో 97, లేహ్‌లో 88 దగ్గరే. పుస్తకంలో ఉన్న 100 అబద్ధం కాదు, అది సముద్రమట్టం దగ్గరి ఒత్తిడికి చెప్పిన అంకె, అంతే.

స్కూలుకెళ్లి అడిగాను. టీచర్ మంచావిడే, అరవై రికార్డులు దిద్దాల్సిన మనిషి, ఆవిడ మీద నాకు కోపం లేదు. "బోరు నీళ్లు కదండీ, ఉప్పులుంటాయి, అందుకే తక్కువ చూపించి ఉంటుంది, లేకపోతే థర్మామీటరే పాడై ఉంటుంది" అన్నారు. నీళ్లలో ఉప్పు కరిగితే మరుగు స్థానం పెరుగుతుంది గానీ తగ్గదు, అదైనా బోరు నీళ్లలో ఉండేపాటి ఉప్పుకి మన కంటికి కనపడేంత తేడా రాదు. థర్మామీటర్ మీద అనుమానం మాత్రం సబబే అనిపించింది. అందుకని ల్యాబుల్లో వాడే ఎర్ర స్పిరిట్ థర్మామీటర్ ఒకటి కొనుక్కొచ్చి (జ్వరం చూసేది వేడినీళ్లలో పెట్టకండి, పగిలి ఊరుకుంటుంది) ఆదివారం పొద్దున వంటింట్లో కూర్చున్నాం.

ముందు ఐసు. ఫ్రిజ్‌లోంచి ముక్కలు తీసి, గుడ్డలో చుట్టి అప్పడాల కర్రతో నలగ్గొట్టి, స్టీలు గ్లాసులో వేసి మధ్యలో థర్మామీటర్ గుచ్చాం. మొదట మైనస్ 4 చూపించింది, కాసేపటికి సున్నాకి వచ్చింది, ఇక అక్కడే కూర్చుంది. మా అమ్మాయి రెండు నిమిషాలకోసారి రీడింగ్ రాస్తోంది, స్పూనుతో కలుపుతోంది, సున్నా, సున్నా, మళ్లీ సున్నా. ముప్పావుగంటయినా ఇంకా ముక్కలు తేలుతూనే ఉన్నాయి, బయట మొత్తం చెమట పట్టి గ్లాసు కింద నీళ్ల మడుగు. "నాన్నా, ఇది నిజంగానే పాడైపోయింది" అంది. పాడవలేదు. గదిలోంచి గ్లాసులోకి వచ్చే వేడంతా ఐసుని నీళ్లు చేయడానికే ఖర్చవుతోంది, ఉష్ణోగ్రత పెంచడానికి మిగలడం లేదు. గుప్తోష్ణం అని మనం బట్టీపట్టినది ఇదే, గ్రాముకి 80 కేలరీలు. చివరి ముక్క కరిగాక చూడాలి, అప్పటిదాకా కదలని ఎర్ర గీత టకటకా ఎక్కడం మొదలుపెట్టింది.

1760ల్లో స్కాట్లండ్‌లోని గ్లాస్గోలో జోసెఫ్ బ్లాక్ అనే శాస్త్రవేత్త చేసింది కూడా దాదాపు ఇలాంటి పనే. రెండు గాజు బుడ్లు, ఒకదాంట్లో మంచులా చల్లగా ఉన్న నీళ్లు, రెండోదాంట్లో అంతే బరువు ఐసు, రెండూ ఒకే గదిలో వేలాడదీశాడు. నీళ్లు 40 డిగ్రీల ఫారన్‌హీట్‌కి రావడానికి అరగంట పట్టింది, ఐసు కరిగి అదే వేడికి రావడానికి పదిన్నర గంటలు. అన్ని గంటలు గడియారం చూస్తూ కూర్చున్నాడు గనకే మనకి ఆ పాఠం వచ్చింది. కూర్చోకుండా పుస్తకంలో ఉన్నది రాసుకుని ఉంటే?

తర్వాత నీళ్లు మరిగించాం, బల్బు గిన్నె అడుగుకి తగలకుండా చూసుకుని. 98 దగ్గర ఆగింది. మంట పెంచాం, ఆవిరి పెరిగింది గానీ అంకె పెరగలేదు. (ఎసరు పొంగుతున్నప్పుడు స్టవ్ పెద్దది చేస్తే గ్యాస్ అయిపోతుందే తప్ప అన్నం తొందరగా ఉడకదని మా అమ్మ ఏ థర్మామీటరూ లేకుండానే చెప్పేది.) సున్నా దగ్గర సరిగ్గా చూపించిన థర్మామీటర్ వంద దగ్గర కూడా సరిగ్గా చూపిస్తుందన్న గ్యారంటీ లేదు కాబట్టి పక్కింటివాళ్ల డిజిటల్ది అడిగి తెచ్చి అదీ పెట్టాం. 98.3.

అసలు సెల్సియస్ మహాశయుడే 1742లో తన స్కేలు ప్రకటించినప్పుడు నీళ్లు మరిగే వేడి గాలి ఒత్తిడిని బట్టి మారుతుందని చెప్పాడు. ఆయన మొదట మరిగే నీళ్లకి సున్నా, గడ్డకట్టే నీళ్లకి 100 పెట్టాడు, తర్వాత తిరగేశారు. ఆ స్కేలు పెట్టినాయన ఒప్పుకున్న మాట మన రికార్డులో ఒప్పుకోకపోతే ఎలా?

మా రోజుల్లో ఇలాంటి ప్రయోగమే కలరా ఉండలతో, అంటే నాఫ్తలీన్‌తో, చేయించేవాళ్లు. పరీక్షనాళికలో కరిగించి, చల్లారుతుంటే అరనిమిషానికోసారి రీడింగ్ రాసేవాళ్లం, 80 దగ్గర ఆగి గడ్డకట్టేది, ఆ ఘాటు సాయంత్రం దాకా చొక్కాని వదిలేది కాదు. ఆ ఆవిరి మంచిది కాదు, ఇంట్లో ఎవరూ చేయకండి. సంగతేమిటంటే ఇప్పుడు అదే పేరుతో అమ్మే ఉండల్లో కొన్ని నాఫ్తలీన్ కానే కావు, పారాడైక్లోరోబెంజీన్, అది 53 దగ్గరే గడ్డకడుతుంది. ఏ పిల్లవాడో 53 అని రాస్తే వాడు పట్టుకున్నది సరుకు మారిన సంగతిని. మనం దాన్ని కొట్టేసి 80 అని దిద్దుతాం.

విద్యాశాఖ వారికీ, ప్రాక్టికల్స్‌కి వచ్చే ఎగ్జామినర్లకీ నేను అడిగేది ఒక్కటే. రికార్డులో "పుస్తకం విలువ" అని ఒక గడి, "నేను చూసిన రీడింగ్" అని ఇంకో గడి పెట్టించండి, తేడా వస్తే ఎందుకొచ్చిందో రెండు ముక్కలు రాయమనండి, మార్కులు ఆ రెండు ముక్కలకి వేయండి. దీనికి కొత్త ల్యాబులు అక్కర్లేదు, పైసా ఖర్చు లేదు.

సంక్రాంతికి కాకినాడ వెళ్తున్నాం, వాళ్ల అమ్మమ్మగారిల్లు. అక్కడ నీళ్లు ఎంత దగ్గర మరుగుతాయో చూడాలని మా అమ్మాయి ఆ థర్మామీటర్‌ని అప్పుడే చున్నీలో చుట్టి బ్యాగులో పెట్టేసింది.

– ఒక తండ్రి, ఉప్పల్, హైదరాబాద్