అమ్మల పొదుపు సంఘం హాస్టళ్లలోనూ పెట్టుకుందాం

సంపాదకులకు నమస్కారం.

ఈ కాలం పిల్లలకు డబ్బు విలువ తెలీదు, టీలకీ బిర్యానీలకీ తగలేస్తారు అనే మాట ఇంట్లో, బస్సులో, క్లాసులో ఎక్కడికెళ్లినా వింటున్నాను. నేను హనుమకొండలో ప్రైవేటు హాస్టల్‌లో ఉండి బీటెక్ మూడో సంవత్సరం చదువుతున్నాను. రెండేళ్లుగా ప్రతి ఖర్చూ నోటుబుక్కులో రాసుకుంటున్నాను కాబట్టి గట్టిగానే చెబుతున్నాను, మమ్మల్ని ముంచేది టీ కాదు. కట్టాల్సిన రోజుకి చేతిలో డబ్బు లేకపోవడం.

మా నాన్న పత్తి, మిర్చి వేస్తారు. పత్తి డబ్బు దసరా దాటాకే మొదలవుతుంది, మిర్చి ఎనుమాముల మార్కెట్‌కి చేరేసరికి ఫిబ్రవరి, మార్చి వస్తుంది. కాలేజీలో డబ్బు అడిగేదేమో వానాకాలం మొదట్లో, ఇంట్లో ఉన్న నాలుగు రూపాయలూ విత్తనాలకీ ఎరువులకీ ఊడ్చేసిన రోజుల్లో. ప్రభుత్వం నుంచి ఫీజు రీయింబర్స్‌మెంట్ వస్తుందిలే అని ధైర్యంగా ఉందామంటే బకాయిలు ఎప్పుడు విడుదలవుతాయో చెప్పేవాళ్లు లేరు, ముందు మీరు కట్టండి, వచ్చాక ఇస్తాం అంటారు కాలేజీవాళ్లు. ఇక నెలనెలా మెస్ బిల్లు, రికార్డులు, జిరాక్సులు ఎలాగూ తప్పవు. ఫోన్ రీచార్జ్ కూడా నెలకొకసారి అనుకుంటాం కానీ 28 రోజుల ప్యాక్ అయితే ఏడాదికి 13 సార్లు వేయించుకోవాలి, ఆ సంగతి నేను పుస్తకంలో కూడుకున్నాకే తెలిసింది.

పోయిన ఏడాది మా రూమ్మేట్‌కి సప్లీ, అంటే తప్పిన సబ్జెక్టు మళ్లీ రాసే పరీక్ష, ఫీజు కట్టడానికి ఒక్క రోజే గడువు మిగిలింది. ఇంటికి ఫోన్ చేస్తే నాన్న తిడతారని భయపడి ఫోన్‌లో వచ్చిన ఒక లోన్ యాప్‌లో 4,000 అడిగింది. ఖాతాలో పడింది 2,600. మిగతాది ప్రాసెసింగ్ ఫీజట. వారం తిరిగేసరికి మొత్తం 4,000 కట్టాలి. మా ఊళ్లో నూటికి రెండు రూపాయల వడ్డీ అంటేనే అమ్మో అంటారు, అదీ నెలకి. ఇక్కడ నూటికి దాదాపు 54 రూపాయలు పడింది, అదీ వారానికి! ఆరో రోజు నుంచే ఫోన్లు మొదలయ్యాయి. వాళ్ల బాబాయికి, అక్క అత్తగారింటికి కూడా మెసేజ్‌లు వెళ్లాయి. ఆ రాత్రంతా తను మంచం మీద గోడ వైపు తిరిగి కూర్చునే ఉంది, అన్నం పళ్లెం అలాగే ఎండిపోయింది. మేం సైబర్ మోసాల ఫిర్యాదు నంబర్ 1930కి ఫోన్ చేశాం, పొద్దున్నే వాళ్ల నాన్నకి నేనే చెప్పాను. ఆయన తిట్టలేదు. "నన్నడగొచ్చు కదా బిడ్డా" అన్నారు, అంతే.

లోన్ యాప్‌లు మన ఫోన్‌లోని నంబర్ల జాబితా, ఫోటోలు తీసుకోకూడదని, వడ్డీతో పాటు ఖర్చులన్నీ అప్పు ఇవ్వకముందే స్పష్టంగా రాసి చూపించాలని రిజర్వ్ బ్యాంక్ 2022లోనే చెప్పింది. ఈ ముక్క మాకు ఏ క్లాసులోనూ ఎవరూ చెప్పలేదు. ఇంటిగ్రేషన్ నేర్పినవాళ్లు ఒక్క గంట వడ్డీ లెక్క కూడా నేర్పితే ఏం పోతుంది?

ఆ తర్వాత మా అమ్మ గుర్తొచ్చింది. అమ్మ చదివింది ఐదో తరగతే, కానీ డ్వాక్రా సంఘంలో నెలనెలా పొదుపు కడుతుంది, అవసరమైతే ఆ పొదుపులోంచే అప్పు తీసుకుంటుంది, ఎవరికి ఎంత ఇచ్చారో అందరి ముందూ పుస్తకంలో రాసి సంతకాలు పెట్టించుకుంటారు. మేమూ అదే చేశాం. మా అంతస్తులో 14 మందిమి తలా 200 వేశాం, మొదటి నెల 2,800 అయింది. పరీక్ష ఫీజుకి, ఆసుపత్రికి, అర్జెంటుగా ఊరెళ్లడానికి మాత్రమే ఇస్తాం, ఒకరికి 1,500 మించి ఇవ్వం, వడ్డీ లేదు. పుట్టినరోజు పార్టీకి అడిగితే మొహమాటం లేకుండా కాదన్నాం, దాంతో ఒకమ్మాయి రెండు వారాలు మాతో మాట్లాడలేదు. అయినా ఇప్పటివరకు తీసుకున్న ఏడుగురూ తిరిగి కట్టారు. ఇద్దరు ఆలస్యం చేశారు కానీ ఎగ్గొట్టలేదు.

కాలేజీ యాజమాన్యాలను అడిగేది ఒకటే. ఇలాంటి సంఘాలకు ఒక లెక్చరర్‌ని తోడుగా పెట్టి, బ్యాంకులో ఒక ఖాతా తెరిపించండి, ఎందుకంటే మేం ఇప్పుడు ఆ డబ్బుని బిస్కెట్ డబ్బాలో పెట్టి బీరువాలో దాచుకుంటున్నాం, సెలవులకి వెళ్తే టెన్షన్‌గా ఉంటుంది. ప్రభుత్వం రీయింబర్స్‌మెంట్ ఫలానా నెలలో ఇస్తామని ముందే చెప్పి ఆ మాట మీద నిలబడాలి. ఆ ఒక్కటి జరిగితే మా డబ్బాలో చేయి పెట్టేవాళ్లు సగానికి సగం తగ్గుతారు.

పరీక్ష ఫీజు గడువు వచ్చే నెలలోనే ఉంది. జూనియర్లు ఇద్దరు ఇప్పటికే అడిగారు, వాళ్ల పేర్లు పుస్తకంలో రాసింది మా రూమ్మేటే.

- ఒక బీటెక్ విద్యార్థిని, హనుమకొండ